చిప్పు కనబడలేదు

జూన్ 4

ఉద్యోగం వచ్చింది. ముందు ఆ మాట రాసి పెట్టుకుంటాను. మిగతాది తర్వాత.

ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక చెప్పే వివరాలు రికార్డు చేసి పంపుతారు. అవి విని, తప్పు పోకుండా టైపు చేసి ఇవ్వాలి. ఇంట్లో కూర్చునే. పరీక్షలో నా వేగం చూసి సూపర్‌వైజర్ మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది. "మీరు వింటున్నప్పుడే రాసేస్తున్నారా, వినకముందే రాసేస్తున్నారా?" అంది. పుట్టినప్పటి నుంచీ చెవుల మీదే బతుకుతున్నానండీ, ఆ మాత్రం ఉండదా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఒక్క మెలిక. వాళ్ళు పంపిన తనిఖీ ప్రోగ్రాం మన కంప్యూటర్‌ను చూసి సరేనంటేనే పని మొదలు. రోగుల సంగతులు బయటికి పోకూడదు కాబట్టి, రహస్యాలకు తాళం వేసి ఉంచే సెక్యూరిటీ చిప్పు ఒకటి కంప్యూటర్లో ఉండి తీరాలట. ప్రోగ్రాం నడిపాను. స్క్రీన్ మీద ఏమున్నా చదివి వినిపించే నా మాటకారి, ఊపిరి తీసుకోకుండా చదివింది: సెక్యూరిటీ చిప్పు కనబడలేదు.

కనబడలేదట! ఈ ఇంట్లో, నా బల్ల మీద, నాతో ఆ మాట అనడానికి దానికెంత ధైర్యం!

ఈయన డిపో నుంచి రాగానే చెప్పాను. రోజంతా బస్సు తోలి అలిసిపోయినా జోకు మాత్రం మానరు. "చిప్పు లేకపోతే చేతికి చిప్పేనన్నమాట" అన్నారు. నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళాక నవ్వాను.

ఇరవయ్యో తేదీలోగా తనిఖీ దాటాలి. బోలెడంత సమయం ఉంది.

జూన్ 5

కంప్యూటర్ పెట్టెను ఆటోలో బజారు చివరి రిపేరు షాపుకు తీసుకెళ్ళాం. ఒళ్ళో పెట్టుకున్నది నేనే. ఈయన పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

షాపతను మూత విప్పి లోపలి దుమ్మును ఉఫ్ఫున ఊదాడు. అదంతా నా ముక్కులోకే వచ్చింది.

"మేడమ్‌కి ఏంటి సార్ ప్రాబ్లం?"

"మేడమ్‌కి ఏ ప్రాబ్లమూ లేదు. కంప్యూటర్‌కి" అన్నాను.

మళ్ళీ ఈయన వైపే తిరిగి, "మేడమ్ దీన్ని దేనికి వాడతారు సార్?" అన్నాడు.

ఈయన జవాబు చెప్పారు. నేను మూరెడు దూరంలో నిలబడి ఉండగా.

"ఇందులో చిప్పే లేదు సార్. పాత బోర్డు. మొత్తం మార్చుకోవాల్సిందే."

"ఏ మోడల్ బోర్డో చూశారా?" అని అడిగాను.

"అదంతా మీకు అర్థం కాదమ్మా."

పెట్టెను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఈయన నోరెత్తలేదు. ఎత్తకపోవడమే మంచిదయింది.

జూన్ 6

నాకు కోపం లేదు. షాపతని మీద లేదు, ఈయన మీద అసలే లేదు.

జూన్ 7

బోర్డు మోడల్ నంబరు మాటకారే చెప్పింది. తయారుచేసిన కంపెనీ సైటు నుంచి దాని పుస్తకం దించుకుని పొద్దుటి నుంచి విన్నాను. బట్టలు ఆరేస్తూ, గిన్నెలు సర్దుతూ విన్నాను.

చిప్పు ఉంది! విడిగా కాదు, ప్రాసెసర్ కడుపులోనే ఉంది. కాకపోతే నిద్రపోతోంది. అమ్మేటప్పుడే ఆపేసి పంపుతారట, కావలసినవాళ్ళు లేపుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేసిన మరుక్షణమే ఒక మీట నొక్కితే సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో ఒక లైను మార్చి భద్రపరిస్తే అయిపోయినట్టే. చూపున్నవాళ్ళకు చిటికెలో పని.

నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ పేజీలో మాటకారి ఉండదు. మాటకారి లేవాలంటే ముందు కంప్యూటర్ పూర్తిగా లేవాలి, ఈ పేజీ ఏమో అది లేవకముందే వచ్చేది. అక్కడ అన్నీ బొమ్మలూ రంగులూ అక్షరాలే. ఒక్క చప్పుడు ఉండదు.

సాయంత్రం ఈయనతో అన్నాను, చిప్పు ఉంది, షాపతను అబద్ధం చెప్పాడని.

"అబద్ధం కాదులే, తెలీక చెప్పుంటాడు. ఇంత తంటా ఎందుకు? మేడమ్‌కి ఒక మెయిల్ పెట్టు. నాకు కనిపించదు, ఈ ఒక్కటీ వదిలేయండి అని. కాదంటుందా?"

"కాదనదు. అందుకే పెట్టను."

"అదేం మాట?"

"మొదటి రోజే మినహాయింపు అడిగితే చివరి రోజు దాకా నేను మినహాయింపు మనిషినే. పక్కవాళ్ళకున్న రూలే నాకూ ఉండాలి."

"సరే మహారాణీ. ఆదివారం నేను కూర్చుంటా. నువ్వు జరుగు, ఐదు నిమిషాల్లో చేసి పడేస్తా."

జరుగు. ఈ ఇంట్లో నాకు అందరికన్నా ఎక్కువసార్లు వినపడే మాట అది. ప్రేమగానే అంటారు. గ్యాస్ దగ్గర జరుగు, మెట్ల దగ్గర జరుగు, నేను చూసుకుంటా. చూసుకుంటారు కూడా, ఆ మాట దాటరు.

"మీ కళ్ళు నాకక్కర్లేదు" అన్నాను.

మరీ అంత గట్టిగా అనాలనుకోలేదు.

జూన్ 9

ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీసి చదివించి చూశాను. సగం చదివి సగం మింగింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ప్రస్తుతం ఏ లైను మీద ఉన్నామో అది చెప్పదు. పదాలు తెలుస్తాయి గానీ నేనెక్కడున్నానో తెలియదు. తెలియని ఊళ్ళో బస్సు దిగి వీధుల పేర్లు మాత్రం వింటున్నట్టుంది.

చూపున్న వలంటీర్లు వీడియో కాల్‌లో చూసి చెప్పే సదుపాయం ఒకటి ఉంది. దానికి కాల్ చేశాను. ఎవరో అమ్మాయి, తీయని గొంతు. సెట్టింగుల పేజీ కనబడగానే, "అయ్యో అక్కా, ఇది ముట్టుకోకండి, డేంజర్. ఇంట్లో ఎవరైనా నార్మల్‌గా ఉన్నవాళ్ళు లేరా?" అంది.

ఉన్నారమ్మా, నేనే అని చెప్పి పెట్టేశాను.

జూన్ 10

ఇంట్లో పగలు ఉండేది ఇద్దరం. నేనూ, మామయ్యా.

మామయ్య షాపుల బోర్డులు రాసేవారు. ఇంగ్లీషు మాటలకు అర్థాలు తెలియవు గానీ, ఆ అక్షరాలన్నిటినీ గోడంత ఎత్తున, గీత వంకర పోకుండా రాయగలరట. ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చాక పని పోయింది. రెండేళ్ళ కిందట అత్తయ్య పోయాక మాట కూడా పోయింది. ఆ మాటకొస్తే ముందూ అంతంతే. "మీ మామయ్య సరేనంటున్నారు", "మీ మామయ్య వద్దంటున్నారు" అని అత్తయ్యే చెప్పేది. ఇప్పుడు "టీ పెట్టాను మామయ్యా" అంటే గ్లాసు ఎత్తిన చప్పుడు వస్తుంది, అంతే.

ఆయనకు నేనంటే ఇష్టం లేదు. చూపున్న కోడలు రావాలని కోరుకుని ఉంటారు. అందులో తప్పేమీ లేదు. నాకు బాధ కూడా లేదు.

ఆయనను అడగాలా?

అడగను.

జూన్ 11

అడిగాను. అక్షరాలు చదివి పెడతారా మామయ్యా, అర్థం నేను చూసుకుంటాను, మీట నేను నొక్కుతాను, మీరు చూసి చెప్తే చాలు అన్నాను.

జవాబు లేదు. ఇంక లేచి వచ్చేద్దామనుకుంటుండగా గూట్లోంచి కళ్ళజోడు తీసిన చప్పుడైంది. దానికో ప్రత్యేకమైన కిర్రు ఉంది, ఎడమవైపు మర వదులైపోయి.

రేపు కూర్చుంటాం. అవసరం కోసం అడిగాను, అంతే. ఇంట్లో ఇంకెవరూ లేరు కదా.

జూన్ 12

ఎలా మొదలైందో రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తాను.

నేను కీబోర్డు దగ్గర, ఆయన పక్కన కుర్చీలో. మీట నొక్కాను. "వచ్చిందా మామయ్యా?" నిశ్శబ్దం. "పేజీ వచ్చిందా?" అప్పుడు, "ఊఁ" అన్నారు. సరే. "పైనుంచి చదవండి."

చదవడం మాత్రం గొప్పగా చదివారు. ఒక్కో అక్షరాన్ని తూచి చెప్పినట్టు, ఎస్, ఇ, టి, టి... కూడబలుక్కుంటే నాకు పదం అయ్యేది. పుస్తకంలో విన్న వరసే! సెట్టింగులు, అందులో అడ్వాన్స్‌డ్, అందులో సెక్యూరిటీ. "సన్న అక్షరం. గీతల చివర కాళ్ళు లేనిది. మేం గాజు తలుపుల మీద వేసేవాళ్ళం" అన్నారు మధ్యలో. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఇప్పుడు ఆ లైను మీద ఉన్నామా?" నిశ్శబ్దం. లేమేమోనని కింది మీట నొక్కాను. "ఇప్పుడు?" నిశ్శబ్దం. ఇంకోసారి నొక్కాను. "ఉన్నామా మామయ్యా?" నిశ్శబ్దం. ఉంటే చెప్పరా అనుకుని, ఇంకోటి నొక్కి, ఇదే అయ్యుంటుందని ఎంటర్, కింది బాణం, ఎంటర్. భద్రపరచు, అవును.

కంప్యూటర్ మళ్ళీ మొదలైంది. ఫ్యాను తిరిగింది. మాటకారి రాలేదు. ఎదురుచూశాను. మళ్ళీ ఆపి ఆన్ చేశాను. రాలేదు. నా బల్ల మీద అంత నిశ్శబ్దం, కొన్నప్పటి నుంచి ఎన్నడూ లేదు.

"ఏం కనిపిస్తోంది?"

"నలుపు. తెల్ల గీత ఒకటి కొట్టుకుంటోంది."

ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు.

నాకు భయం వేయలేదు.

జూన్ 13

ఈయనకు చెప్పలేదు. కంప్యూటర్ ఎలా ఉంది అంటే, ఉంది అన్నాను.

మేడమ్ నుంచి ఫోన్. తనిఖీ పని ఎంతవరకు వచ్చింది? జరుగుతోందండీ అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకే ముచ్చటేసింది.

జూన్ 14

పొద్దున టీ ఇచ్చాను. గ్లాసు ఎత్తిన చప్పుడు రాలేదు.

"అమ్మాయ్" అన్నారు మామయ్య. "మొన్న అన్నిసార్లు అడిగావు, ఆ లైను మీద ఉన్నామా అని. మొదటిసారే ఉన్నాం. నేను చెప్పాను కదా."

"ఎప్పుడు చెప్పారు మామయ్యా? మీరు మాట్లాడనే లేదు."

"తలూపాను కదమ్మా."

ఆయన ఎదుట కూర్చుండిపోయాను.

"నోట్లో ఒక బ్రష్షు, చేతిలో ఒక బ్రష్షు. ముప్పై ఏళ్ళు అలాగే బతికా. కింద నుంచి ఎవడేం అడిగినా తలూపడమే. నిచ్చెన మీంచి మాట్లాడితే రంగు ఒలికిపోదూ! అదే అలవాటు. మీ అత్తయ్య తిట్టేది, నీకు నోరు లేదా మనిషీ అని." కళ్ళజోడు కిర్రుమంది. "నీకు తెలీదని నాకు తట్టలేదమ్మా. నిన్న పార్కు బల్ల మీద కూర్చుంటే తట్టింది. అయితే రోజూ పొద్దున టీ ఇచ్చినప్పుడు..."

"పొద్దున?"

"బాగుందని ఊపేవాణ్ణి. రోజూ ఊపుతూనే ఉన్నా."

ఈ రోజుకు ఇంతే. ఇంక రాయలేను.

జూన్ 15

నిన్నటి రాత మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఈ ఇంట్లో ఈ బ్రెయిలు చుక్కలు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను, రెండేళ్ళు తప్పు లెక్క వేసుకున్నాను. లెక్క నాదే తప్పు అనను. ఇద్దరిదీ. కానీ ఆయనకు నేనంటే ఇష్టం లేదని రాసినచోట చుక్కలన్నీ గోటితో చదును చేసేశాను.

మళ్ళీ కూర్చున్నాం. ఈసారి షరతులు పెట్టాను.

"తలూపకూడదు. వేలు చూపించకూడదు. ఇక్కడ, అక్కడ అనకూడదు."

"మరేమనాలి?"

"పైనుంచి ఎన్నో లైనో చెప్పండి."

"ఎర్ర గడి మీద ఉంది."

"ఎరుపంటే నాకు మాట మాత్రమే మామయ్యా. అది పైదా, కిందదా?"

మామయ్య నవ్వారు. బొంగురుగా, సగంలో దగ్గుగా మారిపోయే నవ్వు. "ముప్పై ఏళ్ళు రంగుల్లో మునిగి తేలా. ఇప్పుడు అది దేనికీ పనికిరాదంటావు. సరే. పైనుంచి నాలుగోది."

మొన్న చెడగొట్టింది వెతుక్కుంటూ కూర్చునే కంటే, అన్నిటినీ కొన్నప్పటి స్థితికి తెచ్చే మీట ఒకటుందని పుస్తకంలో విన్నాను. అది నొక్కాను. "ఏం రాసుంది?" ఆయన చదివారు. అవునా కాదా అని అడుగుతోంది. "అవును మీద ఉందా?"

"ఉంది. ఉంది. తలూపట్లేదు, నోటితో చెప్తున్నా, ఉంది."

భద్రపరిచాను. కంప్యూటర్ ఆగింది, లేచింది, ఫ్యాను తిరిగింది. తర్వాత మాటకారి తన ముక్కుగొంతుతో స్వాగతం చెప్పింది. ఆ గొంతును ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఇవాళ దాన్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవడానికి బుగ్గ లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఇంకోసారి పేజీలోకి వెళ్ళి ఆ సెక్యూరిటీ లైను తెరిచి, ఆఫ్ ఉన్నది ఆన్ చేశాం. ఈసారి ఏ తప్పూ పోలేదు. ప్రతి అడుగూ ఆయన చెప్పడం, నేను నొక్కడం. భద్రపరిచి తిరిగొచ్చి తనిఖీ నడిపాను.

సెక్యూరిటీ చిప్పు కనబడలేదు.

జూన్ 16

ఈయనకు అంతా తెలిసిపోయింది. మామయ్యే చెప్పేశారు. రెండేళ్ళుగా నోరు విప్పని మనిషి, భోజనాల దగ్గర కంప్యూటర్ గురించి కొడుకుతో మాట్లాడితే ఈయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయి ఉంటుంది.

"నాన్నా, నువ్వు ఇంగ్లీషు చదివావా?"

"అక్షరాలు నావి. అర్థం అమ్మాయిది."

ఈయన నా వైపు తిరిగినట్టున్నారు. "నన్ను పిలిస్తే నేనొచ్చేవాణ్ణి కదే" అన్నారు, మెల్లగా.

"మీరొస్తే నన్ను జరగమంటారు."

"నిజమే" అన్నారు. అది కూడా మెల్లగానే. ఒక్క మెతుకు రాల్చకుండా తినేసి, నా పళ్ళెం తీయబోయి, ఆగి, వదిలేసి వెళ్ళారు. నా పళ్ళెం నేనే తీసుకున్నాను.

జూన్ 17

పుస్తకంలో ఆ అధ్యాయం మళ్ళీ విన్నాను. ఎక్కడో ఏదో జారిపోతోంది. ఆన్ చేశాక కూడా ఎందుకు కనబడదు? నిద్రపోతున్నవాణ్ణి లేపితే లేవాలి కదా. ఇంటి తలుపు కాక పక్కింటి తలుపు కొడుతున్నామా?

మెయిల్ పెట్టమని ఈయన మళ్ళీ అనలేదు. అంటే పెట్టేదాన్నేమో. అనలేదు.

జూన్ 18

ఇవాళ మాత్రం పేజీలకు పేజీలు రాస్తాను. చెయ్యి నొప్పెట్టినా సరే.

టీ తాగాక మామయ్యే వచ్చి కుర్చీ లాక్కున్నారు. నేను పిలవలేదు. "పద" అన్నారు. "అన్నీ చదువుతా. నీకు అవసరమైనవే కాదు. బోర్డు రాసేటప్పుడు కస్టమర్ ఒక్క మాట చెప్పి పోతాడు, కానీ మిగతా బోర్డంతా చూడకపోతే ఎక్కడో అక్షరం పడిపోతుంది."

అలా ఆ సెక్యూరిటీ పేజీని మొదటి గీత నుంచి చివరి దాకా చదివించుకున్నాను. మేం ఆన్ చేసిన లైను ఆన్‌లోనే ఉంది. దాని కింద మరో నాలుగు. అన్నీ పుస్తకంలో విన్నవే, ఒకటొకటే దాటుకుంటూ పోతున్నాం. ఆయన ఒకచోట ఆగిపోయారు.

"ఇదెవడు రాశాడో గానీ, వీడికి పని రాదమ్మా."

"ఏమైంది?"

"కుడివైపున నాలుగు అక్షరాలు. డి, టి, పి, ఎమ్. మొదటి డి చిన్నబడిలో ఉంది. మిగతా మూడూ పెద్దబడి. ఒకే మాటలో అలా రాస్తే షాపాయన నిచ్చెన లాగేస్తాడు."

"ఏది చిన్నది?"

"డి. చిన్న డి. పొట్ట ముందుకి, కర్ర వెనక్కి."

నా వెన్ను నిటారుగా లేచింది.

మాటకారికి చిన్నా పెద్దా ఒక్కటే. పుస్తకం చదివినప్పుడు ఆ నాలుగక్షరాలూ చిప్పు పేరేననుకుని దాటేశాను. కాదు! చిప్పు పేరు టి, పి, ఎమ్ వరకే; ముందు ఆ డి ఎందుకొచ్చింది? విడిగా కొని బోర్డుకు గుచ్చుకునే చిప్పును వేరుగా గుర్తుపట్టడానికి ఆ చిన్న డి. అదొక జాతి. ప్రాసెసర్ కడుపులో ఉండేది మరో జాతి, దానికి పి, టి, టి అని పేరే వేరు. ఈ బోర్డు మనం కొననే కొనని చిప్పు కోసం ఖాళీ గూట్లో వెతికి, లేదు లేదు అని తిరిగొస్తోంది. అసలుది పక్క గదిలో ఉండగా.

"మామయ్యా, ఆ లైను మీదికి వెళ్ళామా?"

"వెళ్ళాం. పైనుంచి ఆరోది."

ఎంటర్ కొట్టాను. "ఇప్పుడేం వచ్చింది?"

"చిన్న గడి తెరుచుకుంది. అందులో రెండే. పైన ఆ చేతగాని మాట. కింద పి, టి, టి. ఇది బాగా రాశాడు. అన్నీ పెద్దవే."

"కిందదాని మీద ఉన్నామా?"

"ఆగు, నువ్వు నొక్కలేదు. ఆఁ, ఇప్పుడు ఉన్నాం."

ఎంటర్. భద్రపరచు. "అవును మీద ఉంది" అన్నారు, నేను అడగకముందే.

కంప్యూటర్ ఆగి లేస్తోంది. ఆయన కుర్చీ ముందుకు జరిగింది. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తన్నుతూనే ఉన్నారు. మాటకారి పలికింది. తనిఖీ నడిపాను. ఒకటి, రెండు, మూడు వరసలు సరే, సరే అంటూ వచ్చి,

సెక్యూరిటీ చిప్పు సిద్ధంగా ఉంది.

మళ్ళీ నడిపాను. సిద్ధంగా ఉంది. మళ్ళీ నడిపాను.

"ఏమంటోంది?" అన్నారు మామయ్య. ఇంగ్లీషులో అంది కదా మరి.

"చిప్పు కనబడిందట మామయ్యా."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. ఒక్క క్షణమే. టర్పెంటైన్ వాసన ఇంకా ఉంది ఆ వేళ్ళకు, ఇన్నేళ్ళయినా. తర్వాత, "చిన్న డి" అని తనలో తాను అనుకుంటూ వరండాలోకి వెళ్ళి, ఎదురింటాయనను పిలిచి, గంటసేపు చెప్పారు. అంతా వినపడింది. సగం ఆయనే కల్పించారు. కంప్యూటర్ పేలిపోయేదట, నేను పేలకుండా ఆపానట. నేను దిద్దలేదు.

సాయంత్రం ఈయన వచ్చారు. నేనేమీ చెప్పకుండా తనిఖీ నడిపి, మాటకారి గొంతు పెద్దది చేశాను.

"ఎవరు చేశారు?" అన్నారు ఈయన.

"మేం" అన్నారు మామయ్య, పక్కగదిలోంచి.

ఈయన వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. జరుగు అనలేదు. "ఎలా చేశావో నాకు మొదటి నుంచి చెప్పు" అన్నారు, కింద కూర్చుని. చెప్పాను. నడి మధ్యలో ఎక్కడా అడ్డం రాలేదు. చిన్న డి దగ్గరికి వచ్చేసరికి ఈల వేశారు.

నేను చేశాను. ఆయన చదివారు, నేను చేశాను. ఇందులో ఒకరిని తీసేస్తే ఇంకొకరు లేరు. అలాగని నా గర్వం ఏమీ తగ్గలేదు. రెట్టింపయింది.

జూన్ 19

మేడమ్‌కు తనిఖీ ఫలితం పంపాను. "టెక్నికల్ వాళ్ళని పిలిపించారా?" అంది.

"ఇంట్లోనే ఉన్నారండీ" అన్నాను.

జూన్ 22

మొదటి రోజు.

తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రికార్డు ఒక గుండె డాక్టరుది. మనిషి పరుగెత్తినట్టు మాట్లాడతాడు, మధ్యలో పెన్ను టకటక కొడతాడు. నా వేళ్ళు ఆయన వెంటే పరుగెత్తాయి. రెండోది పిల్లల డాక్టరు, వెనకాల పసిపిల్ల ఏడుపు. మూడోది మళ్ళీ గుండె డాక్టరే.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. మామయ్య అక్కగారు. నన్ను ఎప్పుడు చూసినా చేతులు రెండూ పట్టుకుని పాపం, పాపం అంటూ నిమిరే మనిషి. ఆవిడ గొంతుకు తలుపులూ హెడ్‌ఫోన్లూ ఓ లెక్కా!

"కోడలు పిల్ల ఏదిరా? పాపం, ఒక్కత్తీ లోపల చీకట్లో ఏం చేస్తోంది?"

నేను లేవబోయాను. అలవాటు కొద్దీ. లేచి వెళ్ళి చేతులివ్వాలి కదా.

"చీకటేంటక్కా?" మామయ్య గొంతు. వరండా అవతలికి కూడా వినపడేలా ఉంది. "డ్యూటీలో ఉంది. డాక్టర్లు మాట్లాడుతున్నారు దాంతో."

"డాక్టర్లా? ఏమైందిరా పిల్లకి?"

"పిల్లకేం కాలేదు. డాక్టర్లు చెప్పింది ఇది రాసి పెడితేనే అక్కడ రోగికి మందు. నువ్వు ఇలా వచ్చి కూర్చో. గొంతు తగ్గించు."

"నువ్వెప్పుడు నేర్చావురా ఇన్ని మాటలు?"

"ఇంట్లో అవసరం పడింది" అన్నారు మామయ్య. "టీ తాగుతావా? నేనే పెడతా. అది మధ్యాహ్నం దాకా లేవదు."

కుర్చీలు జరిగాయి. వంటింట్లో గిన్నె చప్పుడు. ఆవిడ గొంతు, నిజంగానే, తగ్గింది.

ఈలోగా గుండె డాక్టరు చెప్పుకుంటూ పోయాడు. నాలుగు వాక్యాలు నా చెవిన పడనే లేదు. రికార్డు వెనక్కి తిప్పి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ఇవాళ నా వల్ల జరిగిన ఆలస్యం ఆ ఒక్కటే. సాయంత్రం మేడమ్ అడిగితే ఎందుకో చెప్పలేదు.